పాల పేరు, తీపి పేరు: షిరీన్

బస్టాండు దుకాణాల్లో దొరికే పిల్లల పేర్ల పుస్తకాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఎడమవైపు పేరు, మధ్యలో చిన్న గీత, కుడివైపు ఒకటి రెండు మాటల్లో అర్థం. ముస్లిం ఆడపిల్లల పేర్లలో 'ష' దగ్గరికి వస్తే షిరీన్ తప్పకుండా ఉంటుంది. ఎదురుగా 'తీపి' అనో, 'మధురమైనది' అనో రాసి ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ జవాబుతో నాకెప్పుడూ కడుపు నిండలేదు. ఏ తీపి? బెల్లం తీపా, తేనె తీపా, ఖర్జూరం తీపా? ఈ మాటతో ఆడపిల్లను పిలవడం ఎప్పటినుంచి ఉంది? ఈ పేరుతో ప్రపంచానికి తెలిసిన రాణి పద్నాలుగు వందల ఏళ్ల కిందట బతికింది. ఆమె తియ్యగా బతికిందా? ఆ చిన్న గీతకు కుడిపక్కన ఇవేవీ పట్టవు.

ఈ పేరు గురించి భాషావేత్తలు ఒకటి చెబుతారు, చరిత్రకారులు ఇంకొకటి చెబుతారు, కవులు మరొకటి. కొండల పక్కన కాపురముండే జనం చెప్పేది వేరే. అన్నీ ముందు పెట్టుకుని చూస్తే, ఈ పేరు గుట్టు అందరికంటే బాగా పట్టుకున్నవాడు 12వ శతాబ్దపు కవి నిజామీ అని నాకనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు మాట పుట్టుక చూడాలి.

పారశీకంలో షీర్ అంటే పాలు. దానికి 'ఈన్' చేరిస్తే షీరీన్. ఒక వస్తువుతో చేసినదని, లేదా దాని గుణం కలదని చెప్పే ప్రత్యయం ఈ 'ఈన్'. మనకు కొత్తదేమీ కాదు. ఉప్పు నమక్, ఉప్పగా ఉండేది నమ్కీన్. మిఠాయి దుకాణంలో మిక్చరు పొట్లం మీద రోజూ చూసే మాటే. రంగు ఉన్నది రంగీన్. సంగ్ అంటే రాయి, రాయిలా బరువైనది సంగీన్. ఉర్దూలో ఘోరమైన నేరాన్ని సంగీన్ జుర్మ్ అనేది అందుకే. జర్ అంటే బంగారం, బంగారుది జర్రీన్, మన ఊళ్లలోని జరీనాలు ఆ ఇంటివాళ్లే. సీమ్ అంటే వెండి, వెండిది సీమీన్. ఇరాన్ ఆధునిక కవయిత్రి సీమీన్ బెహ్బహానీ పేరు అది. అదే లెక్కన షీరీన్ అంటే 'పాలలాంటిది'. సాసానీయుల కాలపు మధ్య పారశీకంలో ఇది 'షీరేన్'. అప్పటికే దానికి తీపి అనే అర్థం స్థిరపడిపోయింది.

ఈ షీర్ మనకు దూరపు చుట్టం కాదు, దగ్గరి చుట్టమే. సంస్కృతంలో క్షీరం, పారశీకంలో షీర్: రెండూ ఒకే పాత మాట రెండు దారుల్లో నడిచి వచ్చిన రూపాలు. మనవైపు 'క్ష'గా నిలిచిన శబ్దం అటువైపు కాలక్రమంలో 'ష'గా కరిగిపోవడం పారశీకంలో మామూలు. రాత్రిని సంస్కృతం క్షప అంటుంది, పారశీకం షబ్ అంటుంది. షబ్-ఎ-బరాత్‌లో ఉన్నదీ, రాత్రి తేమ అయిన షబ్నంలో ఉన్నదీ ఆ షబ్బే. సంస్కృతపు క్షత్రానికి, అంటే పాలనాధికారానికి, తోబుట్టువైన ప్రాచీన ఇరానీ మాట అరిగి అరిగి నేటి షహర్ అయింది. రాజ్యమనే అర్థం నుంచి నగరమనే అర్థానికి జారింది. రంజాన్ పండగనాడు హైదరాబాదులో ఇంటింటా కాచే షీర్ ఖుర్మా అంటే పాలూ ఖర్జూరమూ. పాలుపోసి పిసికిన రొట్టె షీర్‌మాల్. పాలకొల్లు క్షీరారామంలో ఉన్న క్షీరమూ, పాతబస్తీ గిన్నెలో ఉన్న షీరూ ఒక్కటే అంటే ఎవరికైనా ముందు నవ్వొస్తుంది, తర్వాత నిజమేనని తోస్తుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. తీపి అనే భావానికి మాట కావలసి వచ్చినప్పుడు సంస్కృతం తేనెపట్టు దగ్గరికి వెళ్లింది. మధువు నుంచి మధురం, మాధురి, మాధుర్యం. ఇరానీయులకూ ఆ మధు ఉండేది. వాళ్ల నోట అది 'మై'గా మారి మద్యం అయిపోయింది, ఉర్దూ గజళ్లలోని మైఖానా దాని ఇల్లే. తేనెను అలా కల్లుపాకకు పంపించి, తీపికోసం వాళ్లు ఆవు పొదుగు దగ్గరికి వచ్చారు. ఒకే తాతకు పుట్టిన రెండు భాషలు నాలుక మీద వేర్వేరు రుచుల దగ్గర ఆగాయి.

పాలు తియ్యగా ఉంటాయా అని అడిగేవాళ్లుంటారు. చక్కెర వెయ్యకుండా పిల్లలచేత గ్లాసెడు పాలు తాగించే తల్లులను అడిగితే ఉండవనే చెబుతారు. ఈ చిక్కుకు జవాబు ఇరానీల రోజువారీ మాటలోనే ఉంది. ఉప్పులేని నీటిని వాళ్లు ఆబ్-ఎ-షీరీన్ అంటారు. అందులో చక్కెర ఉండదు, కరుకు ఉండదు, అంతే. మనవాళ్లు ఉప్పునీళ్ల బావికీ తియ్యనీళ్ల బావికీ తేడా చెప్పేది కూడా ఇలాగే. కాబట్టి షీరీన్‌లో ఉన్నది పాకం తీపి అనుకోకూడదని నా అభిప్రాయం. నాలుకను గుచ్చనిది, దాహం తీర్చేది, ఎంత తాగినా వెగటు పుట్టించనిది: ఆ రుచి. చక్కెరకు పారశీకంలో వేరే మాటే ఉంది, షకర్. అది మన శర్కరే, ఇక్కడినుంచే అటు వెళ్లింది. షకర్ ఒకటి, షీరీన్ ఒకటి. ఈ తేడాను నిజామీ తన కావ్యంలో ఎలా వాడుకున్నాడో ముందు ముందు వస్తుంది.

రుచుల మాట వచ్చింది గనుక ఒక పక్కదారి. పారశీక కవులకు అందం తీపిగానే ఉండనక్కర్లేదు, ఉప్పగా కూడా ఉండొచ్చు. మనిషిలో ఆకర్షణ ఉంటే ఇరానీలు ఇప్పటికీ 'బా నమక్' అంటారు, ఉప్పున్న మనిషని. ఇది వింతగా తోస్తే మన లావణ్యను గుర్తు చేసుకోవాలి. లవణం నుంచి లావణ్యం, ఉప్పదనమే అందం. ఒక వీధిలో మాధురి, లావణ్య ఇరుగుపొరుగున ఉంటే మనకేమీ అనిపించదు గానీ, అర్థాల లెక్కన అక్కడ ఒక తీపి, ఒక ఉప్పు కాపురం ఉంటున్నట్టే.

పోలికలు చూసి మోసపోయే చోట్లు కూడా చెప్పాలి. షిరీన్‌కూ మన శిరీషకూ సంబంధం లేదు. శిరీషం దిరిసెన పువ్వు. షర్బత్‌తో అసలే లేదు. అది తాగడం అనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచి వచ్చింది. చివర 'ఈన్' వినిపించినంత మాత్రాన ప్రతి పేరూ ఈ కుటుంబం కాదు. పర్వీన్ అంటే కృత్తికా నక్షత్రాలు, నస్రీన్ ఒక తెల్లని అడవి గులాబీ. వాటి దారులు వేరు. అన్నిటికంటే పెద్ద చిక్కు సింహంతో. నేటి ఇరాన్ ఉచ్చారణలో పాలూ షీరే, సింహమూ షీరే, నీళ్ల కుళాయి కూడా షీరే. పాత పారశీకంలో సింహం షేర్, పాలు షీర్. హిందుస్థానం మాత్రం ఆ పాత తేడాను భద్రంగా దాచుకుంది. మనం పులిని షేర్ అంటాం, పాలను షీర్ అంటాం, కలపం. ఇరాన్ పోగొట్టుకున్న ధ్వనిని దక్కన్ నోరు కాపాడిందంటే కొంచెం గర్వంగానే ఉంటుంది. ఏదైతేనేం, షిరీన్‌ను 'సింహిక' అని చెప్పే పుస్తకం దొరికితే నమ్మవద్దు.

ఇక ఈ పేరు పెట్టుకున్న మనుషులు. రెండో ఖుస్రో, బిరుదు పర్వీజ్, క్రీ.శ. 590 నుంచి 628 వరకు ఇరాన్‌ను ఏలిన సాసానీ చక్రవర్తి. ఆయన రాణి షిరీన్. పేరు ఆమెతోనే మొదలైందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఆమెకు ఒక తరం ముందే, 559లో, నేటి ఇరాక్‌లోని కిర్కూక్ ప్రాంతంలో పుట్టిన షిరీన్ అనే యువతి జొరాస్ట్రియన్ మతం వదిలి క్రైస్తవం పుచ్చుకున్నందుకు ప్రాణం కోల్పోయింది. ఆమె చరిత్రను క్రైస్తవులు రాసి దాచుకున్నారు. అంటే 6వ శతాబ్దం నాటికే ఇది జనం ఆడపిల్లలకు పెట్టుకునే మామూలు పేరు. రాణి పేరును పుట్టించలేదు, పేరుకు దీపం పెట్టింది.

రాణి ఎక్కడిదన్న దానిమీద సాక్షులు కుదరరు. ఆర్మేనియా చరిత్రకారుడు సెబెయోస్ ఆమెది ఇరాన్ నైరుతిలోని ఖూజిస్తాన్ అంటాడు. రాజభవనం పక్కనే మఠమూ చర్చీ కట్టించిందని కూడా చెబుతాడు. సిరియాక్ భాషలోని ఖూజిస్తాన్ వృత్తాంతం ఆమెను 'అరామీ' స్త్రీగా, ఖుస్రో మరో భార్య మరియను 'రోమన్' స్త్రీగా గుర్తు పెట్టుకుంది. నిజామీ దగ్గరికి వచ్చేసరికి ఆర్మేనియా రాజకుమారి అయిపోయింది. దగ్గరివాళ్లు రాసిన మాటకే విలువ ఎక్కువ కనుక చరిత్రకారులు నిజామీ మాటను కథగానే చూస్తారు. ఆమె క్రైస్తవురాలన్న దాంట్లో మాత్రం ఎవరికీ తగువు లేదు.

గ్రీకు రచయితలు ఎవాగ్రియస్, థియోఫిలాక్ట్ సిమోకాట్టా ఇద్దరూ ఒక మొక్కుబడి పత్రాన్ని నమోదు చేశారు. ఈ వ్యవహారమంతటిలో నాకు బాగా నచ్చిన కాగితం అది. గ్రీకుల నోట ఆమె పేరు 'సిరా'. వాళ్ల భాషలో 'ష' లేదు, ఏం చేస్తారు. సిరియా ఎడారిలోని రుసాఫాలో సెర్గియస్ అనే సాధువు క్షేత్రం ఉండేది. అగ్నిని పూజించే ఇరాన్ చక్రవర్తి ఆ క్రైస్తవ సాధువుకు మొక్కుకున్నాడు: సిరా గర్భవతి అయితే ఆమె మెడలోని శిలువను నీ గుడికి పంపుతానని. తన ధర్మం ప్రకారం క్రైస్తవ స్త్రీని భార్యగా ఉంచుకోరాదని తెలిసీ, ప్రేమకొద్దీ మిగతా భార్యలకంటే ఎక్కువగా చూసుకుంటున్నానని ఆ పత్రంలోనే ఒప్పుకున్నాడు. కోరిక తీరింది. అప్పుడు మొగుడూ పెళ్లాలకు ఆ శిలువను వదులుకోబుద్ధి కాలేదు. గుర్తుగా తమ దగ్గరే ఉంచుకుని, దాని ఖరీదు కంటే ఎక్కువే, 5,000 నాణేల విలువ, గుడికి ఇచ్చారు. తిరుపతి మొక్కుల లెక్కలు తెలిసినవాళ్లకు ఈ బేరం కొత్తగా ఏమీ అనిపించదు. కావ్యాల్లోని చంద్రవదన కంటే ఈ మెడలో గొలుసున్న ఆడమనిషి నాకు ఎక్కువ కనబడుతుంది.

ఆస్థానంలో ఆమె తక్కువది కాదు. ఆమెకు వైద్యం చేసిన సింజార్ గాబ్రియేల్ అనే వైద్యుడి పక్షాన నిలిచి, క్రైస్తవుల్లోని రెండు శాఖల తగాదాలో త్రాసును ఒకవైపు ఒరిగించింది. కొడుకు మర్దాన్‌షాను వారసుణ్ని చేయించాలని పట్టుబట్టింది. ఆ పట్టే కొంప ముంచింది. 628లో ఖుస్రో పెద్ద కొడుకు షేరోయె తండ్రిని పడదోసి చంపించాడు, మర్దాన్‌షాతో సహా తమ్ముళ్లనూ చంపించాడు. షేరోయె పేరులో ఉన్నది షేర్, సింహం. షిరీన్ పేరులో ఉన్నది షీర్, పాలు. రెండింటికీ అప్పట్లో ఉచ్చారణ వేరు కాబట్టి ఆనాటివాళ్లకు ఈ శ్లేష తట్టి ఉండదు. నేటి ఇరానీ చెవికి మాత్రం ఒకే అక్షరాలు ఎదురెదురుగా నిలబడ్డట్టుంటుంది.

అరబ్బు వైపు కూడా ఒక చిన్న పాద ముద్ర ఉంది. ప్రవక్త ముహమ్మద్‌కు ఈజిప్టు పాలకుడు పంపిన అక్కాచెల్లెళ్లలో ఒకరు మారియా, మరొకరు సీరీన్. ఖుస్రో ఇంట మరియ, షిరీన్. ఇక్కడ మారియా, సీరీన్. ఈ జంట పోలికను పండితులు ఎత్తి చూపారు. కలల అర్థాలు చెప్పినవాడిగా పేరుపడ్డ బస్రా పండితుడు ఇబ్న్ సీరీన్ విషయంలో సీరీన్ అన్నది తండ్రి పేరు. అంటే ఆ రోజుల్లో ఆ శబ్దం ఆడవాళ్లకే రాసిపెట్టి లేదు.

ఇప్పుడు కవుల దగ్గరికి. ఫిర్దౌసీ 1010లో ముగించిన షానామాలో షిరీన్ పూర్తిగా తియ్యనిది కాదు. యవ్వనంలో ఖుస్రో ప్రేమించి మరిచిపోయిన స్త్రీ ఆమె. మళ్లీ వేట దారిలో ఎదురుపడి, తనను గుర్తు చేసి, అంతఃపురం చేరుతుంది. ప్రభువులు ఆమెను ఒప్పుకోరు. ఖుస్రో ఒక గిన్నె తెప్పించి, అందులో నెత్తురు నింపి చూపిస్తే అందరూ మొహం తిప్పుకుంటారు. దాన్నే కడిగించి మద్యమూ పరిమళమూ నింపితే ముచ్చటపడతారు. ఆమె ఆ గిన్నె లాంటిదేనంటాడు. పొగిడాడో తిట్టాడో తెలియని పోలిక, ఏ భార్యకూ రుచించదు. తర్వాత ఆమె సవతి మర్యంకు విషం పెడుతుంది. ఫిర్దౌసీ దాన్ని దాచడు. ఖుస్రో హత్య తర్వాత షేరోయె ఆమెను పెళ్లాడతానంటాడు. ఆమె పెద్దల సభ పెట్టించి, నా నడతలో తప్పు చూసినవారెవరైనా ఉంటే చెప్పండని అడిగి, ముసుగు తీసి నిలబడుతుంది. ఉన్నదంతా పంచిపెట్టి, భర్త సమాధిలోకి వెళ్లి విషం తాగుతుంది. ఇంత చేదు మింగిన మనిషికి తీపి అనే పేరు. ఫిర్దౌసీ ఆ విరోధాన్ని గీతగీసి చూపించడు, చదివినవాడికే తట్టాలి.

నిజామీ గంజవీ ఇదే కథను 1180 ప్రాంతంలో దాదాపు 6,500 ద్విపదల్లో 'ఖుస్రో వ షిరీన్' కావ్యంగా రాశాడు. ఈయన నేటి అజర్‌బైజాన్‌లోని గంజ నగరంవాడు. దర్బంద్ పాలకుడు బహుమతిగా పంపిన కిప్చాక్ బానిస యువతి ఆఫాక్‌ను పెళ్లాడాడు, ఆమె చిన్నవయసులోనే పోయింది. షిరీన్‌లో తన ఆఫాక్ ఉందని ఆయనే చెప్పుకున్నాడు. ఈ కావ్యంలో షిరీన్ విషం పెట్టే సవతి కాదు. గుర్రమెక్కి ఒంటరిగా దేశాలు దాటే పిల్ల. ప్రేమించినవాడే అయినా పెళ్లి కాకుండా దగ్గరికి రానివ్వని మనిషి. చలిరాత్రి కోట కింద నిలబెట్టి చక్రవర్తితో వాదించే గొంతు.

నిజామీ చాతుర్యం కథలో పాలు పోయడంలో ఉంది. షిరీన్‌కు పాలంటే ఇష్టం. ఆమె కోట చుట్టుపక్కల విషపు గడ్డి మొలవడం వల్ల మందలను దూరాన మేపాలి, అంత దూరం నుంచి పాలు మోయడం కష్టం. అప్పుడు ఫర్హాద్ అనే శిల్పిని పిలిపిస్తారు. అతను తెర వెనక ఆమె గొంతు విని మనసు పారేసుకుంటాడు, నెల రోజుల్లో కొండరాతిని తొలిచి మేత భూముల నుంచి కోట దాకా కాలువ తవ్వుతాడు. అక్కడ పితికిన పాలు ఇక్కడ తొట్టిలోకి పారతాయి. జూ-ఎ-షీర్, పాల కాలువ. ఫర్హాద్ ప్రస్తావన 10వ శతాబ్దపు బల్అమీ చరిత్రలో ఊరికే ఒకటి రెండు మాటల్లో ఉంది, దాన్ని ఇంత చేసినవాడు నిజామీ. పేరులో ఎండిపోయి, ఎవరికీ గుర్తులేని పాలను ఆయన మళ్లీ పారించాడు. ఏ నిఘంటువూ చెప్పని వ్యుత్పత్తిని కథతో చెప్పాడు. తీపి పిల్ల, ఆమెకోసం పాలు. వినేవాళ్లకు భాషాశాస్త్రం అక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది.

ఇది కాకతాళీయం అనుకుంటే, ఇంకొక చోట చూడాలి. షిరీన్ లొంగడం లేదని ఖుస్రో కసికొద్దీ ఇస్ఫహాన్ వెళ్లి ఇంకో అందగత్తెను చేసుకుంటాడు. ఆమె పేరేమిటనుకున్నారు? షకర్. చక్కెర. కొన్నాళ్లకే చక్కెర మొహం మొత్తి షిరీన్ కోసం బెంగ పడతాడు. చక్కెరతో తీరేది తీపి కోరిక కాదని, రెండు పేర్లను పక్కపక్కన పెట్టి కవి చెప్పేశాడు. నిజామీ ఈ పేరు గుట్టు తెలిసినవాడని మొదట్లో అన్నది ఇందుకే.

తర్వాతి కథ అందరికీ ఎంతో కొంత తెలిసిందే. ఖుస్రో ఫర్హాద్‌ను పిలిచి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి ఓడిపోతాడు, బీసుతూన్ కొండలో దారి తొలిస్తే షిరీన్‌ను వదులుకుంటానని మాటిస్తాడు. పని పూర్తి కావస్తుంటే షిరీన్ చనిపోయిందని అబద్ధపు కబురు పంపిస్తాడు. ఫర్హాద్ కొండ మీదనుంచి పడి పోతాడు. అతని గొడ్డలి పిడి దానిమ్మ చెట్టై మొలిచిందంటారు. చివరకు ఖుస్రో, షిరీన్ పెళ్లవుతుంది. ఒక రాత్రి నిద్రలో ఖుస్రోను పొడుస్తారు. నెత్తురు పోయి దాహంతో గొంతెండిపోతున్నా పక్కన నిద్రపోతున్న భార్యను లేపి నీళ్లడగడు. నిద్ర చెడుతుందని. మొదటినుంచీ తన సుఖమే చూసుకున్న మనిషి ఆఖరి గడియలో నేర్చిన సంస్కారం అది. కావ్యం మొత్తంలో నాకు ఈ ఒక్క చోటు చాలు.

నిజామీ తర్వాత ఈ కథ కట్టలు తెంచుకుంది. ఢిల్లీలో అమీర్ ఖుస్రో 1298-99లో 'షిరీన్ వ ఖుస్రో' రాశాడు. పేరు క్రమం తిప్పి ఆమెను ముందు పెట్టాడు, తన పేరే ఖుస్రో కాబట్టి మర్యాదకేమో. హెరాత్‌లో అలీషేర్ నవాయీ 1484లో టర్కీ భాషల కుటుంబానికి చెందిన చగతాయీలో రాసినప్పుడు ఫర్హాద్ చైనా రాజకుమారుడై నాయకుడే అయిపోయాడు. ఖుస్రో పక్కకు జరిగాడు. జనానికి కావలసింది కూడా అదే. పెళ్లి చక్రవర్తికి అయితే అయింది, పేరు మాత్రం కూలివాడి పేరుతో కలిసి నిలిచింది. షిరీన్ ఫర్హాద్ అంటారు గానీ షిరీన్ ఖుస్రో అని మన వీధుల్లో ఎవరంటారు?

ఉర్దూలో 'జూ-ఎ-షీర్ లానా' అంటే అసాధ్యమైనదాన్ని సాధించడం. గాలిబ్ దీవాన్‌లో మొట్టమొదటి గజల్‌లోనే ఈ నానుడి ఉంది. మనం భగీరథ ప్రయత్నం అనేదానికి ఇది సరిజోడు. కాకపోతే భగీరథుడు తపస్సు చేశాడు, ఫర్హాద్ గొడ్డలి పట్టాడు. అందుకే ఉర్దూ అభ్యుదయ కవులకు కోహ్‌కన్, కొండ తవ్వేవాడు, కార్మికుడిగా కనిపించాడు. టర్కీలో అమాస్యా పట్టణం ఈ కథను తనదంటుంది. అక్కడ కొండ అంచున రాతిలో తొలిచిన పాత నీటి కాలువకు ఫర్హాద్ పేరే ఉంది. పాలు పోయి నీళ్లొచ్చాయి. జైల్లో ఉండి నాజిం హిక్మత్ 1948లో రాసిన నాటకంలోనూ నీళ్లే. ఊరికి నీళ్లు తేవడం ప్రేమకంటే పెద్ద పని అవుతుంది. కథ బాగుంది, కానీ పాలు పోయాక పేరుతో దానికున్న పేగుబంధం తెగింది. టర్కిష్‌లో షిరిన్ అంటే నేడు 'ముద్దుగా ఉన్నది' అంతే. నీలిరంగు స్మర్ఫ్ బొమ్మలను అక్కడి పిల్లలు షిరిన్లెర్ అంటారు. రాణిగారి పేరు బొమ్మల దాకా దిగింది, ఎవరికీ కష్టం లేదు.

స్థలాలు కూడా పేరును మోశాయి. ఇరాన్ ఇరాక్ సరిహద్దులో కస్ర్-ఎ-షిరీన్, షిరీన్ కోట, ఒక పట్టణం. ఒట్టోమన్లు, సఫవీలు 1639లో తమ హద్దులు తేల్చుకున్న సంధికి ఆ ఊరి పేరు కూడా ఉంది. బీసుతూన్‌లో దారియస్ చక్రవర్తి శాసనం దగ్గరే, నున్నగా చెక్కి మధ్యలో వదిలేసిన భారీ రాతి గోడ ఉంది. సాసానీయుల కాలపు పనిగా పురావస్తు పండితులు లెక్కిస్తారు, ఊళ్లోవాళ్లకు అది ఫర్హాద్ తరాష్, ఫర్హాద్ చెక్కినది. కర్మాన్‌షా దగ్గరి తాక్-ఎ-బుస్తాన్ గుహ శిల్పాల్లో ఒక స్త్రీమూర్తిని మధ్యయుగపు అరబ్బు భూగోళ రచయితలు షిరీన్ అని రాశారు. ఆమె అనాహిత అనే జలదేవత అని నేటి పండితులు. పేరుకు బలం పట్టాక దేవతల బొమ్మలు కూడా దాని ఖాతాలోకి వచ్చిపడతాయి.

మన సినిమాకూ ఈ కథ పాత స్నేహితురాలే. 1931లో ఆలం ఆరా వచ్చిన కొన్ని నెలలకే కలకత్తా మదన్ థియేటర్స్ వారి 'షిరీన్ ఫర్హాద్' వచ్చింది, అందులో 42 పాటలు. 1956లో మధుబాల షిరీన్. 2012లో బొమన్ ఇరానీ, ఫరా ఖాన్ నడివయసు పార్సీ జంటగా చేసిన హాస్య చిత్రం టైటిల్‌లో కూడా వీళ్లిద్దరే. అన్నిటికంటే విచిత్రమైంది అబ్బాస్ కియరొస్తమీ 2008లో తీసిన 'షిరీన్'. తెర మీద షిరీన్ కనిపించదు. సినిమా హాలులో కూర్చుని ఆమె కథ చూస్తున్న వంద మందికి పైగా ఆడవాళ్ల మొహాలే గంటన్నరసేపు మనం చూస్తాం, కథ చెవికి వినబడుతుంది. ఆ మొహాలు తీసినప్పుడు నటీమణుల ముందు సినిమా ఏదీ లేదు. వాళ్లు ఏడ్చింది దేనికో వాళ్లకే తెలుసు.

ఈ పేరు పెట్టుకున్న మన కాలపు ఆడవాళ్లను చూస్తే 'తీపి' అన్న మాట మరీ పేలవంగా కనబడుతుంది. షిరీన్ ఎబాదీ టెహ్రాన్‌లో న్యాయమూర్తి. 1979 విప్లవం తర్వాత ఆడవాళ్లు తీర్పు చెప్పరాదని ఆమెను దించి గుమాస్తా పనికి కూర్చోబెట్టారు. తర్వాత లాయరై, 2003లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. కజ్వీన్‌లో 1957లో పుట్టిన షిరీన్ నెషాత్ ఆడవాళ్ల మొహాల మీద, చేతుల మీద పారశీక అక్షరాలు రాసిన ఫొటోలతో ప్రపంచానికి తెలిసింది. పాలస్తీనా విలేఖరి షిరీన్ అబూ అక్లే 2022 మే 11న జెనిన్‌లో వార్త సేకరిస్తూ తూటాకు బలైంది; ఆమె క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. రుసాఫా మొక్కుబడి నాటి నుంచి ఈ పేరు ఒక మతం ఇంట్లో కట్టేసుకుని లేదు. జొరాస్ట్రియన్ ఇంట పుట్టి, క్రైస్తవుల మెడలో శిలువ వేసుకుని, ముస్లిం కవుల చేతుల్లో పెరిగి, ముంబయి పార్సీల ఇళ్లలోనూ, కుర్దుల పాటల్లోనూ, హైదరాబాదు ముస్లిం పెళ్లి శుభలేఖల మీదా కనబడుతుంది. అరబ్బీలో దీనికి అర్థమేమీ లేదు, అయినా కైరో నుంచి జెరూసలేం దాకా పెట్టుకుంటున్నారు. శబ్దం బాగుంది, ఒక రాణి ఉంది, చాలదా.

ఆఖరుగా మన అక్షరాల గొడవ. తెలుగులో ఈ పేరును శిరీన్, షిరీన్, షీరీన్ అని మూడు రకాలుగా రాస్తున్నాం. పదో తరగతి మార్కుల జాబితాలో ఒకటి, ఆధార్ కార్డులో ఇంకొకటి ఉన్న అమ్మాయిలు చాలామందే ఉంటారు. నన్నడిగితే 'శ' వద్దు. 'క్షీరం'లో 'క' రాలిపోగా మిగిలింది 'ష' కనుక ఆ అక్షరానికే హక్కు. ఇరాన్ ఉచ్చారణ ప్రకారం మొదటి అక్షరానికీ దీర్ఘం ఉండాలి, షీరీన్. మన నోట అది పొట్టిదై షిరీన్‌గా తిరుగుతోంది, నేనూ ఇంతసేపూ అలాగే రాశాను. కాకపోతే పిల్ల పుట్టిందని కబురొచ్చి, సర్టిఫికెట్‌లో ఏం రాయించమంటారని ఎవరైనా అడిగితే మాత్రం ఆ దీర్ఘం వదలొద్దనే చెబుతాను. పాలు ఆ దీర్ఘంలోనే ఉన్నాయి.